నాలుగో తరగతికి తోసేస్తారట

నవంబర్ 4
హెడ్‌మిస్ట్రెస్ పిలిచింది. నా మూడో తరగతిలోని ఒక పిల్లని ఏడాది మధ్యలోనే నాలుగుకి పంపమని వాళ్ల నాన్న అర్జీ పెట్టాడట. రిపోర్ట్ నేను రాయాలట. ఆయన పళ్ల డాక్టరు. ఊగని పన్ను కూడా పీకేసే రకం.

నవంబర్ 5
వచ్చాడు. మా దానికి పుస్తకాలన్నీ పది రోజుల్లో అయిపోయాయి టీచర్, ఇక్కడ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలా అన్నాడు. దానికేం ఇష్టమని అడిగితే ఫోన్లో సర్టిఫికెట్లు వెతికాడు. తల్లి ఆయనకి కళ్లజోడు అందించింది.

నవంబర్ 6
నాలుగో తరగతి టీచర్ నన్ను మూలకి లాగి, ఆ మేధావి నాకొద్దమ్మా, నాకు రానివి అడుగుతుందట అంది. ఈ బడిలో ఒక్కరైనా నిజం చెప్పారు.

నవంబర్ 7
హెడ్ పరీక్ష పెట్టింది. ఇరవై లెక్కలు. పిల్ల అన్నీ చేసి, పదమూడోది తప్పు ప్రింటయింది మేడమ్ అని చెప్పింది. హెడ్ మొహం మాడిపోయింది. రెండు నిమిషాల్లో తేరుకుని, దీని ఫోటో బడి బ్రోషర్లో వేద్దాం అంది. సిగ్గన్నది ఏ కోశానా లేదు.

నవంబర్ 8
రిపోర్ట్ రాశాను. ‘తెలివి ఉన్నా వయసుకు మించిన తరగతిలో ఇమడలేదు. ఆగడం మంచిది.’ చదువుకుంటే భేషుగ్గా ఉంది. పచ్చి అబద్ధం. అది వెళ్లిపోతే నా క్లాసులో నా జోకులకి నవ్వే దిక్కుండదు. ఇదీ అసలు సంగతి.
గురివింద గింజ కింద నలుపు ఇవాళ కనిపించింది. నలుపు కాదు, తారు.

నవంబర్ 11, మధ్యాహ్నం
నాలుగుకి వెళ్తావా అని పిల్లనే అడిగాను. ఇన్ని రోజుల్లో ఎవరూ అడగలేదట. అక్కడ ఫ్రెండ్స్ ఉండరు కదా టీచర్ అంది. ఇక్కడెవరున్నారే అన్నాను. మీరున్నారుగా అంది.
నాకు నలభై ఆరేళ్లు. దానికి ఎనిమిది. మా ఇద్దరి బతుకూ బానే ఉంది.

నవంబర్ 12
హెడ్‌కి చెప్పకుండా దాన్ని ఒక పీరియడ్ నాలుగులో కూర్చోబెట్టాను. తీసుకురావడానికి వెళ్తే బోర్డు దగ్గర రెండు జడల పిల్లతో గొడవ. ఒకే లెక్క, ఇద్దరివీ వేరే దారులు. నీది దొంగదారి అంటే నీదే దొంగదారి అని అరుచుకుంటున్నారు. టీచర్ చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూర్చుంది.
మా పిల్ల మొహం కందగడ్డలా ఉంది. కళ్లలో నీళ్లు. ఓడిపోయిందట. మెట్ల మీద నా కొంగు పట్టుకుని లాగింది. రేపు కూడా పంపుతారా టీచర్, దాని సంగతి చూడాలి అంది.
నా క్లాసులో దానికి ఏడుపు ఎప్పుడూ రాలేదు. రావడానికి అక్కడేముంది గనక.

నవంబర్ 13
రిపోర్ట్ చింపేశాను. కొత్తది ఒక్క వాక్యం: ‘పంపండి, ఫోటో మాత్రం వద్దు.’ హెడ్ మొదటి సగమే చదివి మెచ్చుకుంది. డాక్టరుగారు థాంక్స్ చెప్పాడు. ఆయన కోసం చేశాననుకున్నాడు, పాపం.

నవంబర్ 25
కారిడార్లో ఎదురొచ్చింది. రెండు జడల పిల్లతో వాదించుకుంటూ నన్ను దాటిపోయింది. గుడ్ మార్నింగ్ కూడా లేదు.
పొగరుబోతు పిల్ల.