నా బీపీ కాగితమూ, మిగతా ఆస్తులూ

రొయ్యకు రోజుకు నాలుగుసార్లు కడుపు చూసే కామాక్షయ్య గారు, నాకు బీపీ నూట ఎనభై బై నూటపది ఉందని కాగితం చూపించినా, నెలకు ఒక్క పూట క్లినిక్కుకు పోనియ్యనన్నాడు. జరిగిన అన్యాయం ఇదీ. ఈ వీలునామా దాని మూలానే పుట్టింది.

తోటపల్లి గూడూరు మండలంలో ఆయన రొయ్యల గుంటల మీద పనిచేసే నేను, ముత్యాలయ్య కొడుకు పెంచలయ్యను, వయసు ముప్పై ఒకటి, ఎవరి బలవంతమూ లేకుండా, మందు తాగకుండా, పూర్తి తెలివితో రాస్తున్నా. తెలివి ఉందనడానికి రుజువు, మెదడులో నరం చిట్లకముందే రాయడం. చిట్లినాక రాద్దామంటే చెయ్యి ఉండదు. మా నాయనకు లేదు. వకీలు దగ్గరికి పోలేదు, ఫోన్లో చూసి నేర్చుకున్నా. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

దీన్ని అమలు జరిపించే పెద్దగా మా ఊరి ఆశా వర్కరు ఆదిశేషమ్మక్కను పెట్టినా. పోయిన నెల గట్టు మీదకొచ్చి, వద్దంటున్నా నా చేతికి బీపీ చూసే పట్టీ చుట్టింది ఆమే. ఒకసారి చూసింది. మళ్లీ చూసింది. మూడోసారి చూసి, "తలనొప్పి కూడా లేదా అబ్బయా నీకు?" అనింది. లేదు. దీని దొంగబుద్ధి అదే, తలుపు కొట్టి రాదు. కాగితం రాయించి, మొదటి నెల మాత్రలు ఆమే తెచ్చిచ్చింది, ఇకమీద నేనే క్లినిక్కుకు పోవాలంట.

1. నా భార్య స్వర్ణకు: మోటారు సైకిలు, ఇనప్పెట్టె, ఫోను చెందవలెను. ఫోన్లో పొద్దున ఏడింటికి మాత్ర కోసం పెట్టిన అలారం తియ్యొద్దు. "వయసు పిల్లోడికి బీపీ ఏంది, ఎవరన్నా వింటే నవ్వుతారు" అని మొదట్లో తను అన్నందుకు నాకు కోపం ఉండింది. తర్వాత చేపల పులుసులో ఉప్పు తగ్గించి, ఆ చప్పిడి పులుసే తనూ నా పక్కన కూర్చుని తినింది. కావున సదరు కోపం కొట్టివేయడమైనది.

2. మా అమ్మ గురవమ్మకు: ఇంట్లో నా వాటా మొత్తం. నా మాత్రల డబ్బా మాత్రం ఇయ్యను. కారణం రాయకపోతే లోకం నన్నే తప్పుపడుతుంది. మా నాయనకు క్లినిక్కులో నెలకు ముప్పై మాత్రలు ఇచ్చేవాళ్లు. వీధిలో ఎవరికి తల నొప్పి పుట్టినా, ఎవరు మొగుడితో పోట్లాడి కళ్లు తిరుగుతున్నాయన్నా, మా అమ్మ గడపలోకొచ్చిన మనిషికి మజ్జిగ పోసినట్టు ఆ మాత్ర చేతిలో పెట్టేది. తొమ్మిదో రోజుకు షీటు ఖాళీ. మిగతా ఇరవై ఒక్క రోజులు మా నాయన "ఒళ్లు బాగానే ఉందిలే" అని వల వేసుకుంటా తిరిగినాడు. ఇట్టా ఏడాది. మా అమ్మ మనసు మంచిదే. వీధిలో అందరికీ బీపీ తగ్గించింది, ఆయనకు తప్ప.

3. మా అక్క మొగుడు ముఖేష్ బావకు: మా నాయన అల్లిన విసురు వల. పోయిన వేసవిలో పొద్దున్నే మా నాయన మూతి పక్కకుపోయి, కుడిచెయ్యి జారిపోయి వాకిట్లో కూలబడినాడు. కరీముల్లా అన్న ఆటో తెచ్చి ఇంజిను ఆపకుండా నిలబెట్టినాడు. మా బావ, "నెల్లూరెందుకు, పక్షవాతానికి పావురం నెత్తురు పూస్తే గంటలో లేచి కూర్చుంటాడు" అని పావురం కోసం రైసుమిల్లు రేకుల మీదకెక్కినాడు. ఊరంతా కిందనుంచి ఎట్టా పట్టాలో ఆయనకు నేర్పిస్తా ఉండింది. నేనూ నేర్పించినా, దాచను. పావురం మధ్యాహ్నానికి దొరికింది. నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరు, ఎన్ని గంటలైందని అడిగి, "వెంటనే తెచ్చుంటే చెయ్యి దక్కేదేమో" అన్నాడు. వల బావకే చెందవలెను. పక్షులకు వాడిన పక్షంలో మా అక్కకు చెందును. నా మూతి పక్కకుపోయిన రోజు ఆయన్ను మిల్లు వైపు పోనీకుండా పట్టుకునే బాధ్యత ఆదిశేషమ్మక్కది.

4. మా నాయన ముత్యాలయ్యకు:

ఇక్కడ ఏమీ రాయలేకపోయినా. "ఎడమచేత్తో తినేది తిండేనా" అంటాడు ఆయన. పొద్దున నేను గుంట కాడికి పోయేముందు సద్దన్నం కలిపి ముద్దలు పెడితే తింటాడు. అమ్మ పెడితే తిట్టి తింటాడు, బావ పెడితే తినడు. ఈ పని ఎవరి పేరున రాసిచ్చేది? ఇది నేనే ఉండి చెయ్యాల.

5. కామాక్షయ్య గారికి: నా బీపీ కాగితం, లామినేషన్ చేయించినది. షెడ్డులో నీళ్ల బోర్డు పక్కన తగిలించవలెను. ఏ గుంటలో ఉప్పెంత, నీళ్లలో గాలెంత, ఏ చెక్ ట్రేలో మేత ఎంత మిగిలింది, అన్నీ ఆ బోర్డు మీద ఉంటాయి. ట్రే పైకి లాగి, రొయ్యను ఎండకు పట్టి, పేగు నిండిందా తెల్లబడిందా అని చూడటం ఆయనే నాకు నేర్పించినాడు. నేను ఒక పూట చూడకపోతే, "చచ్చి తేలినాక చూసేదేముందిరా, తేలకముందే చూడాల" అని నాలుగేళ్లుగా తిడుతున్నాడు. నిజమైన మాట. ఆ మాట నా ఒంటికే పెట్టుకుని, నెలనెలా బీపీ చూసే రెండో మంగళవారం పొద్దున క్లినిక్కుకు పోయి చూపించుకుని నెల మాత్రలు తెచ్చుకుంటానంటే, "ట్రేలు మీ తాత తీస్తాడా? దున్నపోతులాగున్నావు, నీకేం రోగంరా" అన్నాడు. దున్నపోతుకు ఎవరన్నా పట్టీ చుట్టి చూసినారా?

ఇంకో మాట. ఆయనకు యాభై ఎనిమిది. మేత లారీ ఆలస్యమైతే మెడనరాలు పడవ తాళ్లలాగా లేస్తాయి. ఇంతవరకు ఒక్కసారి చూపించుకోలేదు. సూదంటే భయం అని మాకందరికీ తెలుసు. అయ్యా, అందులో సూది ఉండదు.

6. సాక్షి సంతకం పెట్టేవాళ్లకు ఆస్తి రాయకూడదంట. అందుకని కరీముల్లా అన్నకు ఇద్దామనుకున్న రెయిన్‌కోటు ఇయ్యడం లేదు. వాన పడితే వచ్చి అడిగి తీసుకుపోవచ్చు.

7. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలు లేవు. కల్లు తాగి నోటితో ఇస్తానన్నవి అన్నీ రద్దు.

కామాక్షయ్య గారూ, ఇది నేను పోయినాక తెరిచే కాగితం కాదు, నకలు ఈరోజే మీ చేతికి వస్తుంది. గట్టు మీద పదకొండుమందిమి ఉన్నాం. ప్రతి నెలా రెండో మంగళవారం ముగ్గురు నలుగురు చొప్పున గంటసేపు క్లినిక్కుకు పోయి వస్తాం, మిగిలినవాళ్లం ట్రేలు తీస్తాం. వంతుల పట్టీ జతచేసినా. మొదటి వంతులో మొదటి పేరు మీదే. ఈ నెల పదో తేదీ సోమవారం సాయంత్రం ఐదింటిలోగా సంతకం పెట్టి పంపించండి. రాకపోతే పదకొండో తేదీ పొద్దున పదకొండుమందిమీ ఒకేసారి పోతాం. ఆ పూట ట్రేలు మీరే తీసుకోవాల.

5 నవంబరు 2025, బుధవారం
తోటపల్లి గూడూరు మండలం

(సంతకం) ము. పెంచలయ్య

సాక్షులు:
1. షేక్ కరీముల్లా, ఆటో డ్రైవరు
2. సమాధానం, గుంటల కూలీ. చదివి వినిపించగా విని, తన బీపీ కూడా చూపించుకుని వచ్చి సంతకం చేసినాడు. ఎంత ఉందో చెప్పడం లేదు.