గోడ కింద మూడు తూములు

నాయనా,

బతికుండినప్పుడే నీకు తెలుగు చదివేది రాదు. నువ్వు పోయి ఈ పొద్దుకి ఏడాది. అందుకే ఈ ఉత్తరం మనసులోనే రాస్తా ఉండాను.

గుడియాత్తంలో నువ్వు కాంపౌండు గోడ కట్టినావే, ఆ ఇంటి ముందర పోయిన వారం ప్లాస్టిక్ గడ్డి పరిచినాను. అడుగంతా బంకమట్టి. నీళ్లు నిలిచిపోతాయని నువ్వు గోడ కింద మూడు తూములు వదిలినావు. గడ్డి అంచు నీటుగా కూర్చోవాలని నేను వాటిని సిమెంటుతో మూసి, పైన పూత పూసేసినాను.

రెండు దినాలుగా ఒకటే వాన. పొద్దున్నే ఓనరమ్మ ఫోన్ చేసింది.

"గడ్డి ఉబ్బి ఉండాది. గోడ వీధి పక్కకు వాలినట్టుండాది, కొంచెం వచ్చి చూడప్పా."

వచ్చినాను. గోడవతల పిల్లోళ్లు బడి వ్యాను కోసం నిలబడి ఉండారు. అరిచి అందర్నీ ఎదురు పక్కకు తరిమినాను.

ఇప్పుడు గడ్డి అంచు ఎత్తి, ఉలి పట్టుకోని నీళ్లలో మోకాళ్ల మీద కూర్చోనుండాను. తప్పు చోట కొడితే గోడ పడిపోతాదేమో. చేత్తో తడిమి తడిమి చూస్తా ఉండాను. అతుకు తెలీకుండా పూసేది నువ్వు నేర్పించిందే నాయనా. తూము యాడుండాదో నాకే తెలీడం లేదు.