పడవెడు గుల్లలు

ఫిబ్రవరి పదకొండు, బుధవారం

చిరంజీవి తమ్ముడికి,

మీ అక్క దీవించి చెప్పగా మా వీధి టైలరు రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. మీరూ క్షేమమనే అనుకుంటున్నాను. అవతలి గట్టున నీ సున్నపు బట్టీ పొగ రోజూ కనిపిస్తూనే ఉంది. ఏరు దాటి వచ్చి ఈ నాలుగు ముక్కలూ నీ ముఖానే చెప్పేదాన్ని. కానీ నీ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. ఉత్తరం తొక్కకూడదని ఒట్టేమీ లేదు. టైలరు నా మాటలకు అంచులు కుట్టి మెత్తగా రాద్దామని చూస్తున్నాడు. ఉన్నది ఉన్నట్టు రాయకపోతే అతని కత్తెర తీసుకెళ్ళి ఏట్లో పారేస్తానన్నాను.

ముందు మంచి మాట. మన ఆల్చిప్పల తిప్ప బతికింది. ఏరు సముద్రంలో కలిసేచోట మళ్ళీ చిప్ప పిల్లలు పట్టాయి. వచ్చే వానల్లోగా అక్కడ ప్రాణం కనబడకపోతే తిప్పను వదిలేసి ఇసుక తోడే యంత్రాన్ని దింపుతామని చేపల ఆఫీసువాళ్ళు అన్నారు కదా, ఆ యంత్రం ఇక రాదు. చిప్పలు ఒలిచే షెడ్డులో ఆడవాళ్ళం ఆ కబురు విని కత్తులు కింద పెట్టేశాం. తర్వాత మా కోడలు ఏడ్చింది, నేను తిట్టాను, ఇద్దరం కూర్చుని టీ తాగాం. గుండెల మీద కుంపటి ఎవరో దించి పక్కన పెట్టినట్టుంది.

నువ్వు నన్ను పిచ్చిదన్నావు కాబట్టి మొదటి నుంచీ చెప్తాను, విను. చిప్పలు దొరకడం తగ్గినప్పుడు అందరం ఎగువనున్న రంగుల ఫ్యాక్టరీని తిట్టాం. తిట్టడంలో తప్పు లేదు; వాళ్ళ కాలవ కలిసినచోట ఏరు పూటకో రంగు తిరిగేది. గేటు ముందు కూర్చుని, పోరి పోరి, ఆ నీళ్ళు శుభ్రం చేశాకే వదిలేలా చేశాం. ఏరు తేటపడింది. చిప్పలు మాత్రం రాలేదు.

అప్పుడొచ్చింది ఏటి సర్వే చేసే అమ్మాయి. చిప్ప పిల్ల నీళ్ళలో కొట్టుకుంటూ వస్తుందని, గట్టిగా ఉన్నదాన్ని, అందులోనూ పాత గుల్లను పట్టుకుంటేనే బతుకుతుందని, మీరు లోపలి మాంసం తీసుకుని గుల్లలన్నీ బట్టీకి అమ్మేస్తే అది దేన్ని పట్టుకోవాలని అడిగింది. నువ్వు పుట్టకముందు నుంచీ ఒలుస్తున్నాను, నాకు చెప్పొచ్చావా అని నోటికొచ్చినట్టు అన్నాను. ఆ పిల్ల నీళ్ళు నమలలేదు. సరే పెద్దమ్మా, చిన్న చిప్ప మీకు దేనికి అంటుకుని దొరికేదో మీరే చెప్పండి అంది. ఇంకేం చెప్తాను. ఇంకో గుల్లకు అంటుకునే దొరికేది, కత్తి పెట్టి విడదీసింది ఈ చేతులే. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి విన్నాం గానీ, మనం ఆ వాసాలు ఊడబీకి అమ్ముకున్నాం.

ఆ మాట చెప్పి, కొన్నాళ్ళు గుల్లలు కాల్చడం ఆపు, ఏట్లో పోసేద్దాం అని అడగడానికి నీ దగ్గరకొచ్చాను. మా అక్కకి మతి పోయింది, ఏట్లోంచి తీసినవి ఏట్లో పోస్తుందట, రేపు వండిన కూర తీసుకెళ్ళి చేలో నాటుతుంది అని నీ కూలీల ముందు నవ్వావు. వాళ్ళూ నవ్వారు. నవ్వుకోండి. మా షెడ్డు గుల్లలు నీకు అమ్మడం మానేసి, మేమే మోసుకెళ్ళి తిప్ప దగ్గర పోశాం. మొన్న ఆటుకు నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు సర్వే అమ్మాయి మోకాలి లోతుకు దిగి ఒక గుల్ల తెచ్చి నా అరచేతిలో పెట్టింది. దాని నిండా గోరంత గోరంత పిల్లలు. చూపు ఆనక వేలితో తడిమి చూశాను. గీరుకుంది. ఆ మంట ఎంత హాయిగా ఉందో నీకు చెప్పినా అర్థం కాదు.

ఇక అసలు పని. పోయిన వానల్లో తిప్ప పక్కన ఇసుక మెరక దగ్గర బోల్తాపడిన నీ గుల్లల పడవ సరుకును పైకి లాగించడానికి మనుషుల్నీ తాళ్ళనూ మాట్లాడావని రేవులో విన్నాను. ఆ పని మానుకో. వాళ్ళు అక్కడ తొక్కితే బురద లేచి పిల్లల మీద పడుతుంది. పైగా ఇన్నాళ్ళు నానిన గుల్లలు నీకు దేనికి పనికొస్తాయి. పోయిందనుకున్నది పోయిందనే అనుకో. ఈ ఒక్కదానికి ఊఁ అను, మిగతా తగువు తీరిగ్గా ఆడుకోవచ్చు.

మరదలికీ పిల్లలకూ నా దీవెనలు. నీకూ ఇస్తున్నాను, సగం.

మీ అక్క
(వేలిముద్ర)

తా.క.: మడిచిన ఉత్తరం మళ్ళీ విప్పించాను. నానినంత మాత్రాన గుల్ల సున్నానికి పనికిరాకుండా పోదని టైలరుకే తెలిసినప్పుడు నీకు తెలియదా. నిజం చెప్పకపోతే నువ్వు తాళ్ళు దింపించేస్తావు. సర్వే అమ్మాయి తెచ్చిన గుల్ల నేను పోసింది కాదు. మేం పోసినవన్నీ మెత్తటి బురదలో దిగబడిపోయాయి. గెడ పెట్టి గుచ్చి చూస్తే ఒక్కటీ తగల్లేదు. పిల్లలు పట్టింది గట్టి ఇసుక మీద కుప్పగా పడిన నీ పడవ సరుకు మీద. ఇవాళ తిప్పకున్న ప్రాణమంతా ఆ కుప్పే. అవెవరివని ఆ అమ్మాయి అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఈ ఏటికి నువ్వు చేసిన మేలు అదొక్కటే, అదీ పడవ సరిగ్గా నడపడం చేతకాక. ఈ గట్టున మాత్రం అవి నావనే చెప్పుకుంటున్నాను. కాదనాలనుంటే నువ్వే వచ్చి నలుగురిలో కాదను.