కరుణ కుట్లు ఇక ఎవరికీ చూపించొద్దు

రత్నకుమారీ,

ఉయ్యూరు మొదటి బస్సుకి వెళ్తున్నాను. కరుణకి చద్దన్నం పెట్టి తొమ్మిదింటికల్లా బడికి పంపు. నడిచే వెళ్తుంది, రిక్షా పిలవొద్దు.

సాయంత్రం నీ ప్రార్థన కూటానికి దాన్ని తీసుకెళ్ళొద్దు. వేలూరులో గుండె ఆపరేషన్ అయి ఎనిమిది నెలలయింది. ఈలోగా బందరులో దాని కుట్లు చూడని ఆడమనిషి లేదు. సాక్ష్యం చెప్పడానికి నీకు నోరుంది కదా, పిల్ల గౌను గుండీలు విప్పడం ఎందుకు? చూసినవాళ్ళంతా "పాపం, రేపు పెళ్ళెలా అవుతుందో" అని నిట్టూర్చి, నువ్విచ్చిన కాఫీ తాగి పోతారు. వాళ్ళ భక్తి అంతవరకే. ఆడుకోనివ్వమని డాక్టరుగారు మనిద్దరి ఎదుటే చెప్పారు. నువ్వేమో కోడిపెట్టలా దాన్ని మంచం మీద పొదుగుతున్నావు. ఐదో తరగతితో మానేసిన నాకు అర్థమైన మాట, బైబిలు రెండుసార్లు చదివిన నీకు అర్థం కాలేదు.

నతానియేలు

తా.క. నిన్న కరుణ కాలవగట్టు మీద బాతుల వెంట పరిగెత్తి వచ్చి, "నాన్నా, ఇది జబ్బు ఆయాసమా, మామూలు ఆయాసమా?" అని అడిగింది. మామూలుదే, అందరికీ వచ్చేదే అన్నాను. "అయితే ఇంకోసారి తెచ్చుకుంటా" అని మళ్ళీ పరిగెత్తింది.