బావమరిదికి చూపని గల్లీ

1984 నవంబర్, మంగళవారం

మస్కట్ పోతున్న బావమరిది సాయిలుకు రాత్రిదాకా విమానం లేదు. గేట్‌వే, మెరీన్ డ్రైవ్, చౌపాటీ చూపించాను.

“సముద్రం సూసుడైంది బావా. ఇగ అక్క ఇల్లు సూపియ్యి.”

“టైం లేదురా,” అన్నాను. టైం ఉంది. మేముండేది కామాటిపురాలో. సానివాడగా పేరుపడ్డ చోటు, ఊళ్లో ఏమనుకుంటారోనని వర్లిలో ఉంటామనే చెబుతూ వచ్చాను.

వాణ్ణి ఎయిర్‌పోర్టులో దించి ఇల్లు చేరేసరికి లక్ష్మి జొన్నరొట్టెలు చేసి గడపలో కూర్చుంది.

“ఏడి మా తమ్ముడు?”

జరిగింది చెప్పాను. లక్ష్మి రొట్టెల మీద గుడ్డ కప్పింది.

“మనం ఏడుంటమో వానికెరుకే. పోయిన దసరాకు నేనే చెప్పిన. నువ్వే తోల్కొస్తవని ఊకున్నడు.”

వాడు మళ్లీ రెండేళ్లకు గాని రాడు. ఎయిర్‌పోర్టు గేటు దగ్గర “అక్క పైలం బావా” అన్నప్పుడు నా మొహంలోకి చూడలేదు.