పై అరలో ప్రెసిడెంటు గారు

ప్రియాతిప్రియమైన మామయ్యకు,

నీ ఏకైక మేనల్లుడు, పట్టభద్రుడు, నిరుద్యోగి, ప్రస్తుతం నీ స్టూడియోకి తాత్కాలిక చక్రవర్తి అయిన నేను నమస్కరించి రాస్తున్నాను. మోకాలు ఎలా ఉంది? డాక్టరు చెప్పినట్టు మంచం మీదే ఉన్నావా, వదిన కళ్లుగప్పి గోడ పట్టుకుని తిరుగుతున్నావా? ఇక్కడ అందరూ కులాసా. కులాసాగా ఉండబట్టే ఫొటోలు దిగడానికి ఎగబడుతున్నారు. అదే నా బాధ.

మనుషుల మీద నాకు కాస్తో కూస్తో ఉన్న గౌరవం నీ స్టూడియోలో కాలుపెట్టాక హరించుకుపోయింది మామయ్యా. వచ్చిన ప్రతివాడికీ తన మొహం తప్ప ఎవరి మొహమైనా ఫరవాలేదు. నిన్న పాస్‌పోర్టు ఫొటోకి ఒకాయన వచ్చి, "చెవులు కొంచెం లోపలికి అనండి బాబూ" అన్నాడు. "అవి మీ చెవులండీ, మీరు చెబితేనే వింటాయి" అన్నాను. అలిగాడు. ఆ అలిగిన మొహమే తీశాను. తెల్లారి వచ్చి చూసుకుని, "అచ్చం మా నాన్నలా ఉన్నాను, ఆయనకీ నాకూ పడదు" అని తిరగ్గొట్టాడు.

నీ స్టూడియో కోటు గురించి ఒక ప్రబంధం రాయొచ్చు. ముందంతా దొరబాబు, వెనకంతా పిన్నీసులు. ఊళ్లో గుమాస్తాలూ పెళ్లికొడుకులూ అందరూ ఆ ఒక్క కోటులోనే పెద్దమనుషులయ్యారట. ఎదురుకొట్టు దర్జీ, "నేను కుట్టిందేనయ్యా. ఈ ఊరి పరువంతా దాని మీదే నడుస్తోంది. వెనక్కి మాత్రం తిరగనివ్వకు" అన్నాడు.

ఇక అసలు సంగతి. కూర్చుని చదువు. ఎలాగూ పడుకునే ఉంటావు, సరే, పడుకునే చదువు.

వర్తక సంఘం ప్రెసిడెంటు గారు కారు దిగి వచ్చారు. వెంట అల్లుడుగారు, అల్లుడుగారి చేతిలో టేపు.

"ఏడీ ఫొటోలాయన?"

"మోకాలి ఆపరేషనండీ. కూతురింట్లో, అదే మా వదిన వాళ్లింట్లో ఉన్నారు."

"మంచిదే. ఇక అక్కడే ఉండమను. ఈ బిల్డింగు సంఘానిది, గదులు ఎవరికివ్వాలో చెప్పేది నేను. దీన్ని మావాడి చెప్పుల షాపుకి ఇస్తున్నాం."

మాట పూర్తయ్యేలోపే మావాడుగారు టేపు జాపి గోడలు కొలిచేశారు. నీ తెరమీద మెట్లు ఉన్నాయి చూడు, ఎక్కడికీ పోని పాలరాతి మెట్లు, వాటిని కూడా కొలిచారు. బొమ్మ అని చెప్పబోయి ఊరుకున్నాను. విద్యావంతుణ్ణి కదా, అజ్ఞానాన్ని గౌరవించడం నేర్చుకున్నాను.

కంగారు పడకు. త్వరలో ప్రెసిడెంటు గారికి సన్మానమట. ఆయన్ని దేవుడిలా ఫొటో తీసి గది నిలబెడతాను. పొగడ్తకి పడని మూర్ఖుడు ఇంకా పుట్టలేదు.

నీ విధేయుడు, ఎప్పుడైనా,
మేనల్లుడు


ప్రియమైన డిగ్రీగాడికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం మీ వదిన పైకి చదివింది. చెవుల దగ్గర అందరూ నవ్వారు. టేపు దగ్గర నేనొక్కణ్ణే మిగిలాను.

ఒరే, నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. ఆ గదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది. అందులోంచి పొద్దుటినుంచి సాయంత్రందాకా ఒకే రకం మెత్తటి వెలుగు వస్తుంది. ఆ బిల్డింగులో ఇంకే గదికీ అది లేదు. ఈ కాలితో నేను పెళ్లిళ్లలో కెమెరా మోసుకుని పరిగెత్తలేను. మనుషులే నా దగ్గరికి రావాలి, ఆ కిటికీ పక్కన కూర్చోవాలి. గది పోతే నా పని పోయినట్టే. మీ వదిన మంచిది, వాళ్లాయన మరీ మంచివాడు. నేను దగ్గితే ఇద్దరూ లేచి నిలబడతారు. అంత మంచితనం మధ్య మనిషి ఎన్నాళ్లు బతుకుతాడురా?

ఆ ప్రెసిడెంటుని నేను కుర్రతనం నుంచీ తీస్తున్నాను. వాడికి గడ్డం లేదు. బొచ్చు సంగతి కాదు, ఎముక సంగతి. పెదవి కింద నేరుగా మెడ మొదలవుతుంది. ప్రతిసారీ నెగటివు మీద పెన్సిలుతో నేనే గడ్డం పెడుతూ వచ్చాను. వాడి హోదా అంతా నేను గీసిందే. నువ్వూ గియ్యి. ఏం అడిగితే అది చెయ్యి. వాడి ముందు జోకులు మాత్రం వెయ్యకు. అప్పుడు నవ్వేస్తాడు. ఇంటికెళ్లి ఎవరిచేతో అర్థం చెప్పించుకుని తరవాత కోపం తెచ్చుకుంటాడు.

స్టాండు కాళ్లు బిగించు. డార్క్‌రూములో తిండి తినకు.

నీ మేనమామ,
కాలు ఆగినా నోరు ఆగనివాడు


ప్రియమైన మామయ్యకు,

కొత్త ఫొటోగ్రాఫరు వ్రాయునది.

యజ్ఞం పూర్తయింది. నువ్వు చూసే భాగ్యానికి నోచుకోలేదు గానీ, ఆ పూట చూడవలసింది. ప్రెసిడెంటు గారు కోటు తొడుక్కున్నారు. పిన్నీసులు పెట్టబోతే, "గుచ్చుకుంటాయేమో" అని భయం. చివరికి దర్జీని పిలిచి వెనక పట్టుకోమన్నాను. ఫొటోలో కనిపించడు గానీ, ఆ రాజసం వెనక దర్జీ మోకాళ్లమీద కూర్చుని ఉన్నాడు.

"గంభీరంగా రావాలి. అయినా దయ కనిపించాలి. వయసు తెలియకూడదు, అనుభవం తెలియాలి" అని ఆజ్ఞ.

"కళ్లు తెరిస్తే చాలండీ, అన్నీ వస్తాయి" అన్నాను. దర్జీ వెనకనుంచి ఉక్కిరిబిక్కిరయ్యాడు. కోటు వణికింది.

గడ్డం గీశాను. కాస్త ధారాళంగానే గీశాను. చూసుకుని మురిసిపోయి, "తల వెనకాల వెలుగు పెట్టు, గుండ్రంగా" అన్నారు. పెట్టాను. "పెద్దది చెయ్యి." చేశాను. "బంగారు ఫ్రేము." కట్టాను. ఇక ఇదే ముహూర్తమనుకుని, "అయితే మా గది..." అని నసిగాను.

"ఫొటో చాలా బాగుందోయ్. గది మాత్రం నెలాఖరుకి ఖాళీ చెయ్యి. పనిమంతుడికి ఎక్కడైనా పని దొరుకుతుంది."

ఇదీ ఆయన దయ, మామయ్యా. కనిపించాలన్నారుగా, కనిపించింది.

పైగా వెళ్తూ వెళ్తూ షోకేసు ముందు ఆగారు. సన్మానందాకా ఫొటో అందులో ఉండాలట. కింది అరలో పెట్టబోతే, "నేనా? ఆ పసిపిల్లల పక్కనా? పైన ఖాళీగా లేదూ?" అని గద్దించారు. నిజమే, పై అర ఎప్పుడూ బోసిగానే పెడతావేమిటో నువ్వు. ఫ్రేము అక్కడ పెట్టి, పైనున్న బల్బు కూడా వెలిగించాను. ఆయన భార్యాసమేతంగా విశ్రాంతికని ఏదో ఊరు వెళ్లారు. నేను సామాన్లు సర్దే పెట్టెలకోసం తిరుగుతున్నాను. క్షమించు మామయ్యా. పొగడ్త పనిచెయ్యదని కాదు. పనిచేసింది. ఫలితమే రాలేదు.

ఓడిన సేనాని,
నీ మేనల్లుడు


ఒరేయ్ ప్రియమైన గాడిదా,

వెంటనే తియ్యి! ఈ ఉత్తరం మడిచేలోపు తియ్యి!

పై అర బోసిగా ఉంచేది నా పిచ్చికాదు. ఆ ఊళ్లో ఎవరైనా పోతే ఇంటివాళ్లు పెద్ద ఫొటో చేయిస్తారు, తల వెనక వెలుగు పెట్టమంటారు. అది ఆరేదాకా పై అరలో బల్బు కింద పెడతాను. ఊళ్లోవాళ్లు మన షోకేసు చూసే ఎవరు పోయారో తెలుసుకుంటారు. పేపరు కంటే నన్నే నమ్ముతారు, నేనెప్పుడూ తప్పు వెయ్యలేదు గనక. ఆ ప్రెసిడెంటు ఏనాడూ మన వీధిలో నడిచినవాడు కాదు, కారులో పోయేవాడికి ఇవేం తెలుస్తాయి? నువ్వు మాత్రం ఫిజిక్సు చదివావు!

వాడు తిరిగొచ్చి చూస్తే గది నెలాఖరుదాకా కూడా ఉండదు. కెమెరాతో సహా వీధిలో పెడతాడు. తీశావా? తీశానని రాయి.

నీ మామయ్య


ప్రియమైన మామయ్యకు,

తీయలేదు. నీ ఉత్తరం వచ్చేసరికి ప్రెసిడెంటు గారు పోవడం, సంతాపసభ జరగడం, ఆయన తిరిగి రావడం అన్నీ అయిపోయాయి. వరసగా చెబుతాను. మంచినీళ్లు దగ్గర పెట్టుకో.

నేను పెట్టెలు మోసుకొచ్చేసరికి షోకేసు ముందు జనం. నా పనితనం చూసి వచ్చారనుకుని మర్యాదగా పక్కన నిలబడ్డాను. ఇనప సామాన్ల కొట్టాయన, "అయ్యో పాపం, ఎప్పుడట?" అన్నాడు. పక్కనున్నాయన, "ఎప్పుడైతేనేంలే, మీటింగు ఎప్పుడు పెడదాం?" అన్నాడు. దర్జీ మాత్రం, "చచ్చాక గడ్డం వచ్చింది మహానుభావుడికి" అన్నాడు. ఒక్కడి కంట్లో తడి లేదు మామయ్యా. నాకు సంగతి అర్థమై, "ఆయన బతికే ఉన్నారండీ!" అని అరిచాను. "మనసులో బతికే ఉంటారు బాబూ, ఎక్కడికి పోతారు" అని నన్నే ఓదార్చారు.

సరే, అల్లుడుగారు చెబుతారుగదా అనుకున్నాను. అందరూ అక్కడికే వెళ్లారు. వెనకే నేనూ. "మామగారు ఇలా అవుతారనుకోలేదు" అని వీళ్లు అనగానే అల్లుడుగారు ముందు తెల్లమొహం వేశారు. పొద్దున్నే మామగార్ని బస్సెక్కించి చెయ్యి ఊపిన మనిషి ఆయనే. తరవాత ఇనప కొట్టాయన, "సంఘానికి ఇప్పుడు మీరే దిక్కు" అన్నాడు. అల్లుడుగారు తలవంచుకున్నారు. అంతే. పోయారనీ అనలేదు, ఉన్నారనీ అనలేదు. తలవంచుకోవడం అబద్ధం కాదుగదా!

నేను, "అయ్యా, మీకు తెలుసు" అన్నాను. తల ఎత్తకుండానే, "ఈ కుర్రాడు బాగా కదిలిపోయాడు, మంచినీళ్లివ్వండి" అన్నారు. తెచ్చి ఇచ్చారు. తాగాను. ఏం చెయ్యను?

ఆ సాయంత్రమే సభ. మౌనం పాటించారు, మధ్యలో ఎవరో తుమ్మితే చాలనుకుని కూర్చున్నారు. పాత ప్రెసిడెంటుకి సంతాపం, కొత్త ప్రెసిడెంటుకి చప్పట్లు. అల్లుడుగారు ఏకగ్రీవం. మొదటి తీర్మానం: చెప్పుల షాపు మామగారి ఆఫీసు గదిలో, రోడ్డు మీదికే. మన గది సంగతి ఇనప కొట్టాయన ఎత్తితే, "ఎండ తగలని ఆ కొట్టు ఎవడిక్కావాలి? ఫొటోలాయన్నే ఉంచుకోమనండి" అన్నారట. నీ ఉత్తరపు వెలుగుని ఛీ కొట్టారు కాబట్టే అది నీకు మిగిలింది. నీ గది నీదే. రాసి, సంతకాలు పెట్టి ఇచ్చారు. మూర్ఖత్వానికి చేతులెత్తి మొక్కాలని మొదటిసారి అనిపించింది.

ప్రెసిడెంటు గారు బస్సు దిగి నడిచి వచ్చారు. కారు అల్లుడి దగ్గరుంది. వీధిలో ఒక్కొక్కరూ చూసి మొదట జడుసుకుని, తరవాత విసుక్కున్నారు. "మీరు పోయారనుకుని అంతా అయిపోయిందండీ. ఇప్పుడు మళ్లీ ఎన్నిక పెట్టాలంటే కష్టం" అని ఇనప కొట్టాయన ఖరాఖండీగా చెప్పాడు. ప్రెసిడెంటు గారు తిన్నగా మన దగ్గరికొచ్చారు. ఫ్రేముతో నా బుర్ర బద్దలవుతుందని నేను కోటు అడ్డం పెట్టుకున్నాను. ఆయన చాలాసేపు పై అర చూశారు.

"ఎవరన్నా ఏడ్చారా?"

నువ్వు ఏం అడిగితే అది చెయ్యమన్నావుగదా, "దర్జీ ఏడ్చాడండీ" అన్నాను. ఆయన వీధి దాటి వెళ్లి దర్జీని కావిలించుకున్నారు. దర్జీ ఆ చేతుల్లోంచి నావైపు చూసిన చూపు ఫొటో తియ్యదగ్గది.

ఆ తరవాత ఫొటో తీసేస్తానంటే వద్దన్నారు. "ఉండనీ. నేను వచ్చినట్టు తెలియనివాళ్లు ఇంకా ఉంటారుగా" అన్నారు. రోజూ మన బెంచీమీద, తెర పక్కన కూర్చుంటున్నారు, వీధిలోవాళ్లకి కనిపించకుండా. షోకేసు అద్దంలోంచి ఎవరు ఆగుతారా అని చూస్తారు. లెమ్మని చెప్పడానికి నాకు నోరు రావట్లేదు. ఆయన్ని చూస్తే నాకు ఇంకా ఒళ్లుమంటే, జాలి మాత్రం కాదని మనవి. నువ్వే వచ్చి లేపు.

ఈ పొద్దున ఒకావిడ సంచీతో పోతూ పోతూ ఫొటో ముందు ఆగింది. దగ్గరికి వచ్చి, తల కాస్త పక్కకి వంచి, కళ్లార్పకుండా చూసింది. ప్రెసిడెంటు గారు బెంచీమీద నిటారుగా అయ్యారు. నా మోచెయ్యి పట్టుకున్నారు.

ఆవిడ ఆ అద్దంలో చూసుకుంటూ జడ సవరించుకుని వెళ్లిపోయింది.

మోకాలు జాగ్రత్త. కిటికీ తుడిచి ఉంచాను.

ఇట్లు,
నీ మేనల్లుడు