నాన్నగారి కిటికీ

బావగారికి,

వారం రోజులకని తెచ్చుకున్న మీ వైర్‌లెస్ కెమెరాను నెల దాటినా పంపనందుకు మన్నించండి. కారణాలు వరుసగా రాసిపెట్టుకున్నాను గానీ, అసలు సంగతి ఒక్కటే.

తుంటి ఎముక విరిగాక నాన్నగారు మేడమీది నా బొమ్మరైలు గదికి ఎక్కలేకపోతున్నారు. ఇంజనుపై కెమెరా బిగిస్తే, మంచం మీదినుంచే టీవీలో చూస్తారని నా ఆశ. మొదట ఆ బరువుకు ఇంజను మలుపులో పల్టీకొట్టింది. అది సరిచేస్తే, రైలు సొరంగంలోకి వెళ్ళగానే టీవీలో బొమ్మ ఆగిపోయింది. రిసీవరును పదకొండు చోట్లకు మార్చాను. చివరికి ఆ సొరంగమున్న అట్టల కొండనే పీకి మళ్ళీ కట్టాను. అంతా కుదిరేదాకా ఆయనకు చూపకూడదనుకున్నాను.

నిన్న, పడిన పాట్లన్నీ చెబుతూ చూపించాను. రెండు నిమిషాలు చూసి గోడవైపు తిరిగి పడుకున్నారు.

“ఏం నాన్నా, బాగాలేదా?”

“ముప్పై ఏళ్ళు ఇంజను నడిపినవాణ్ణి తీసుకెళ్ళి కప్పు మీద కూర్చోబెట్టావేంట్రా? నా కిటికీ ఏది? అయినా సొరంగమన్నాక చీకటి ఉండదా? దానికోసం కొండ పీకావా?”

నాకు ఒళ్ళు మండిపోయింది. తీరా ఆలోచిస్తే, కింద గదిలోనే ఉన్న మనిషిని ఒక్క మాట ముందుగా అడగాలని ఈ నెలంతా నాకే తోచలేదు.

ఇంజను డ్రైవరు కిటికీలో మీ కెమెరా పట్టాలంటే కెమెరా పైతొడుగు కోయాలి. అందుకు మీ అనుమతి కోరుతూ ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇంతవరకు రాసేసరికి నాన్నగారు కిందినుంచి, “బండి ఎన్నింటికిరా?” అని రెండుసార్లు కేకేశారు.

కోసేశాను బావగారూ. ముక్కలన్నీ డబ్బాలో భద్రంగా ఉన్నాయి. ఏది ఎక్కడిదో చీటీలు కూడా అంటించాను.

మీ బావమరిది